అందరూ పరిగెడుతుంటే నడిచిన జాకీ ఇక్స్ గురించి, తెలిసినవాళ్లు చెప్పండి

స్టెప్నీ:
నిన్న రాత్రి నిద్ర పట్టక పాత రేసుల వీడియోలు చూస్తూ కూర్చున్నా. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ కార్ల రేసు, 1969ది, మొదలయ్యే ముక్క ఒకటి దొరికింది. ఆరుసార్లు చూశాను, అయినా బుర్రలోంచి పోవట్లేదు.

సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అప్పట్లో ఈ 24 గంటల రేసు మొదలెట్టే పద్ధతే వేరు. కార్లన్నీ పిట్ (మధ్యలో బండి ఆపి బాగుచేసుకునే చోటు) గోడ వెంట ఏటవాలుగా వరసగా నిలబెట్టి ఉంటాయి, డ్రైవర్లేమో రోడ్డుకి ఇవతల. జెండా ఊపగానే అందరూ ఒక్క పరుగున రోడ్డు దాటి, కార్లో దూకి, ఇంజను స్టార్ట్ చేసి, వెళ్లిపోవడమే. మరి సీటు బెల్టు? అది సరిగ్గా బిగించుకోవాలంటే టైము పడుతుంది, అంచేత చాలామంది పెట్టుకోకుండానే బయల్దేరేవాళ్లు, పోతూ పోతూ స్ట్రెయిట్‌లో ఎలాగో తగిలించుకోవచ్చులే అని. గంటకి 300 కి.మీ. వేగంలో!

ఆ రోజు 45 కార్లు. అందరూ పరిగెత్తారు. 24 ఏళ్ల బెల్జియం కుర్రాడు జాకీ ఇక్స్ ఒక్కడు మాత్రం రోడ్డు మీద షికారుకి వచ్చినట్టు నడిచాడు. కార్లు కదిలిపోతున్నాయి కాబట్టి చివర్లో రెండడుగులు గబగబా వేసినట్టున్నాడు గానీ, నడిచాడు. ఎక్కి, బెల్టు మొత్తం బిగించుకుని, అందరి వెనకా బయల్దేరాడు. ఈ పద్ధతి మీద నిరసన అన్నమాట.

మొదటి ల్యాపు (ట్రాకు చుట్టూ ఒక చుట్టు) కూడా పూర్తి కాలేదు, జాన్ వుల్ఫ్ అనే ఇంగ్లండు డ్రైవరు కొత్త పోర్షె 917 నడుపుతూ మేజోఁ బ్లాంష్ మలుపు దగ్గర అదుపు తప్పి, కార్లోంచి బయటపడి చనిపోయాడు. బెల్టు పెట్టుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం రేసు గెలిచింది ఎవరో చెప్పక్కర్లేదుగా.

హాఫ్_క్లచ్:
బ్రో, నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోకు. 24 గంటల రేసులో పది, పదిహేను సెకన్లు పోతే ఎవడికి నష్టం? టీమ్ వాళ్లు కూడా ఆ లెక్కతోనే ఊరుకుని ఉంటారు. పది ల్యాపుల రేసులో నడిచి ఉంటే అప్పుడు హీరో అందాం.

స్టెప్నీ:
అక్కడే ఉంది తమాషా. రెండో స్థానంలో వచ్చిన పోర్షెకీ ఇతనికీ తేడా ఎంతో తెలుసా? సుమారు 120 మీటర్లు. మొత్తం తిరిగిన దూరం దాదాపు 5,000 కి.మీ., అంటే మన హైదరాబాద్ నుంచి విజయవాడకి తొమ్మిదిసార్లు వెళ్లొచ్చినంత. అంతా తిరిగాక 120 మీటర్లు. ఆ వేగంలో అది రెండు సెకన్ల మాట. నడకలో పోగొట్టుకున్నదే అంతకంటే ఎక్కువ.

హాఫ్_క్లచ్:
సరే, వెనక్కి తీసుకుంటున్నా. 120 మీటర్లు నాకు తెలీదు.

డీజిల్_బాబాయ్:
ఈ చివరి మూడు గంటల ముచ్చట నేను చెప్తానురా అబ్బాయిలూ, నాకు ఇష్టమైన రేసు ఇది.

ఇక్స్, జాకీ ఆలివర్ కలిసి నడిపింది ఫోర్డ్ జీటీ40, ఆరో నంబరు, లేత నీలం మీద నారింజ చార. నిజానికి అది అప్పటికే ముసలి బండి. డిజైను 1964 నాటిది. పైగా సరిగ్గా అదే ఛాసీ (బండి చట్రం), 1075 నంబరుది, అంతకు ముందు ఏడు 1968లో కూడా ఇదే రేసు గెలిచింది, రోడ్రిగెజ్, బియాంకీ చేతుల్లో. పోర్షె 917లేమో సరికొత్తవి, 12 సిలిండర్లు. ఎల్‌ఫర్డ్, అట్‌వుడ్‌ల 917 బాగా ముందుంది, ఇంకో మూడు గంటలు ఓపిక పడితే అయిపోయేది. క్లచ్, గేర్‌బాక్స్ దగ్గర దెబ్బతిని ఆగిపోయింది. కొత్త బండికి ఇదే బాధ, వేగం ఉంటుంది గానీ ఎక్కడ ఏది విరుగుతుందో దానికే తెలీదు.

ఇక మిగిలింది ఇక్స్ ఫోర్డూ, హాన్స్ హెర్మన్ పోర్షె 908నూ. హెర్మన్ బండికి బ్రేకులు అరిగిపోయాయి. చివరి గంటంతా ఒక ల్యాపులో ఇతను ముందు, ఇంకో ల్యాపులో అతను ముందు. లె మాన్స్‌లో అప్పుడు ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు ఉండేది, ఇప్పట్లా మధ్యలో వేగం తగ్గించే వంకరలు, షికేన్లు, లేవు (అవి 1990లో పెట్టారు). హైవే మీద లారీ వెనకాల మోటార్ సైకిల్ మీద పోతే గాలి తగలక బండి తేలిగ్గా పోతుంది చూడండి, అదే ఇక్కడా. ఆ రోడ్డు మొదట్లో ఎవడు ముందుంటే వాడు చివర్లో వెనకబడతాడు. ఇక్స్ ఆఖరి ల్యాపులో కావాలనే హెర్మన్‌ని ముందుకి పోనిచ్చి, వెనకాల అతుక్కుని, రోడ్డు చివర బ్రేకు కొట్టేలోగా దాటేశాడు. ఇక ఫినిష్ దాకా వదల్లేదు.

హెర్మన్ మీద జాలిపడకండి, మరుసటి ఏడు 1970లో పోర్షెకి మొట్టమొదటి లె మాన్స్ తెచ్చింది ఆయనే. గెలిచి రిటైర్ అయిపోయాడు.

పారిస్_పద్మ:
బాబాయ్ గారూ, ఎంత బాగా చెప్పారండీ. ఒక చిన్న సంగతి కలుపుతాను. ఆ ఏడు రేసు మామూలుగా సాయంత్రం 4కి కాకుండా మధ్యాహ్నం 2కే మొదలెట్టారు. ఆదివారం ఫ్రాన్స్‌లో అధ్యక్ష ఎన్నికలు, జనం ఇళ్లకెళ్లి ఓటెయ్యాలి కదా! రేసు కోసం ఎన్నికల్ని వాయిదా వెయ్యలేదు, అదే సంతోషం.

ఇంకోటి, ఇక్కడివాళ్లు "లు మాఁ" అంటారు. లె మాన్స్ అని మా ఆఫీసులో అంటే ఎవరికీ అర్థం కాలేదు నేను వచ్చిన కొత్తలో :)

స్టెప్నీ:
పద్మ గారూ, మన నోటికి లె మాన్సే వస్తుందండీ, వదిలేయండి :)
మీరు ఎప్పుడైనా వెళ్లారా అక్కడికి?

పారిస్_పద్మ:
ఒక్కసారి. మా వారి పోరు పడలేక వెళ్లాను, పొద్దున్నే తిరిగొచ్చేద్దాం అని. రాత్రి రెండింటికి కంచె పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంటే, చీకట్లోంచి ముందు లైట్లు వస్తాయి, తర్వాత ఎప్పటికో చప్పుడు, తర్వాత గాలి మొహానికి కొడుతుంది, అంతే, మళ్లీ చీకటి. ఎవరు ఎన్నో స్థానమో నాకేం తెలీదు. అలా తెల్లారిపోయింది. నిద్రపోయింది మా వారే.

కొత్తగా_వచ్చా:
నమస్తే అందరికీ. ఫార్ములా వన్ మాత్రమే చూస్తాను నేను. ఈ ఇక్స్ ఎఫ్1లో ఛాంపియన్ అవ్వలేదు కదా, మరి అంత గొప్పవాడైతే ఎందుకు అవ్వలేదు? వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతున్నా.

వానాకాలం:
మంచి ప్రశ్న. నా పేరు చూస్తే తెలుస్తుందిగా, వానలో బండి నడిపేవాళ్లంటే నాకు పిచ్చి, ఇక్స్ అందులో మొదటి వరస.

పుట్టింది 1945 జనవరి 1, బ్రస్సెల్స్. వాళ్ల నాన్న కార్ల మీద రాసే జర్నలిస్టు. 50 సీసీ మోటార్ సైకిల్‌తో మొదలెట్టాడు, రాళ్లూ బురదా మీద బ్యాలెన్స్ చేసే ట్రయల్స్ పోటీలు. ఆ తర్వాత కార్లు. 1967 జర్మన్ గ్రాండ్ ప్రి (ఫార్ములా వన్ రేసుల్ని అలా అంటారు) గురించి చదవండి ఎప్పుడైనా. నూర్‌బర్గ్‌రింగ్, ఒక్క ల్యాపు 22 కి.మీ. పైన. ఫార్ములా వన్ కార్లు 3 లీటర్ల ఇంజన్లు, ఇతనిది దాని కింది తరగతి, 1.6 లీటర్ల ఫార్ములా టూ (ఎఫ్2) మాట్రా కారు. క్వాలిఫయింగ్‌లో, అంటే రేసుకి ముందు వేగం చూసే పరీక్షలో, జిమ్ క్లార్క్, డెన్నీ హుల్మ్ తప్ప ఇంకెవరూ ఇతనికంటే వేగంగా తిరగలేదు! ఎఫ్2 కార్లని విడిగా వెనక నిలబెట్టారు, అక్కడి నుంచి ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ ముందు వరసల్లోకి వచ్చాక సస్పెన్షన్ విరిగింది. వయసు 22.

మరుసటి ఏడు ఫెరారీ. 1968లో ఫ్రాన్స్‌లోని రూవాఁలో వానలో మొదటి గెలుపు. మొత్తం 8 గ్రాండ్ ప్రిలు గెలిచాడు, ఛాంపియన్‌షిప్‌లో రెండుసార్లు రెండో స్థానం, 1969, 1970.

1970 గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ఇటలీలోని మోంజాలో ప్రాక్టీసులో యోఖెన్ రింట్ అనే డ్రైవరు చనిపోయాడు. అప్పటికి పాయింట్లలో అతనే ముందు, 45. మోంజా పోగా ఇంకా మూడు రేసులున్నాయి, ఆ మూడూ గెలిస్తే ఇక్స్ అతన్ని దాటగలడు. చనిపోయినవాడి మీద పోటీ. కెనడా గెలిచాడు. అమెరికాలో వాట్కిన్స్ గ్లెన్‌లో ఇంధనం పైపు దెబ్బతిని నాలుగో స్థానం. అక్కడితో లెక్క తేలిపోయింది. మెక్సికో గెలిచాడు, 40 దగ్గర ఆగాడు. రింట్ చనిపోయాక ఛాంపియన్ అయ్యాడు. అలా ఓడిపోయినందుకు సంతోషమేనని ఇక్స్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. నేనైతే నమ్ముతాను.

హాఫ్_క్లచ్:
మరి ఆ నడక కారణంగా ఇతను భద్రత కోసం పోరాడిన మనిషి అనుకుంటే పొరపాటు కదా? ఎఫ్1 ఛాంపియన్ జాకీ స్టీవర్ట్ అప్పుడు ట్రాకుల చుట్టూ గార్డ్ రైళ్లు పెట్టాలి, డాక్టర్లుండాలి అని డ్రైవర్లందరినీ కూడగడుతుంటే, ఇక్స్ దూరంగానే ఉన్నాడని చదివాను. బెల్జియంలోని స్పా లాంటి ప్రమాదకరమైన ట్రాకులంటే ఇతనికి ఇష్టం కూడా.

వానాకాలం:
అవును, అది నిజమే. నాకు అర్థమైనంత వరకు ఇతను రిస్కుని కాదనలేదు. ట్రాకు ప్రమాదకరం అంటే సరే, అది ఆట. కానీ టీవీలో అందంగా కనబడుతుందని మనిషిని పరిగెత్తించి బెల్టు లేకుండా పంపడం ఆటలో భాగం కాదు, తెలివితక్కువతనం. ఈ రెంటికీ తేడా అతని బుర్రలో స్పష్టంగా ఉంది. స్టీవర్ట్ చేసింది ఎక్కువ మందిని కాపాడింది, అందులో అనుమానం లేదు. ఇక్స్‌ది పోరాటం కాదు, ఒక్క రోజు నడక. కానీ మరుసటి ఏడు లె మాన్స్‌లో డ్రైవర్లు బెల్టులు పెట్టుకుని కార్లో కూర్చునే రేసు మొదలైంది, 1971 నుంచి రోలింగ్ స్టార్ట్, అంటే కార్లు కదులుతుండగానే మొదలు.

డీజిల్_బాబాయ్:
మీరు గ్రాండ్ ప్రిల దగ్గరే ఆగిపోతున్నారు. మనిషి గొప్పతనం చూడాలంటే 1977 లె మాన్స్ చూడాలి.

అప్పటికి మూడు గెలిచాడు: 69, డెరెక్ బెల్‌తో 75, వాన్ లెనెప్‌తో 76. ఈసారి పోర్షె 936, తోడు హెన్రీ పెస్కరోలో. మొదటి కొన్ని గంటల్లోనే ఇంజను పోయింది. అయిపోయింది, ఇంటికెళ్లి పడుకోవచ్చు. కానీ టీమ్‌ది ఇంకో 936 ఉంది, యుర్గెన్ బార్త్, హర్లీ హేవుడ్‌లది. దానికీ ఇంజెక్షన్ పంపు చెడిపోయి, బాగుచేసేసరికి నలభయ్యో స్థానం కూడా దాటి కిందికి పోయింది. ఇక్స్‌ని అందులోకి ఎక్కించారు.

ఇక రాత్రంతా అతనే ఎక్కువసేపు నడిపాడు. రెనో వాళ్లవి చాలా వేగమైన కార్లు ముందున్నాయి. ఇక్స్ వెనక నుంచి అలా తరుముతుంటే వాళ్లూ తగ్గలేకపోయారు, ఒక్కొక్కటే ఇంజన్లు పోయి ఆగాయి. ఆదివారం పొద్దునకి పోర్షె మొదటి స్థానం.

ఇప్పుడు చివరి గంట. ల్యాపులకు ల్యాపులు ముందున్నారు, హేవుడ్ నడుపుతున్నాడు, పొగ మొదలైంది. ఒక పిస్టన్ పోయింది. పిట్‌లో మెకానిక్‌లు ఆ సిలిండరుకి స్పార్కు, ఇంధనం ఆపేశారు. కానీ బండి పిట్‌లో నిలబడి ఉంటే గెలుపు ఇవ్వరు, 24 గంటలు పూర్తయ్యేటప్పుడు ట్రాకు మీద తిరుగుతూ గీత దాటాలి. అంచేత ఆఖరి నిమిషాల దాకా ఆగి, బార్త్‌ని ఎక్కించారు, బండి లోపలి పని తెలిసినవాడని. ఆరు సిలిండర్ల ఇంజను ఐదింటి మీద, మెల్లగా, రెండు ల్యాపులు. గెలిచారు.

నేను ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌ని. ఒకసారి నకిరేకల్ దగ్గర మా బండి ఒకటి మిస్సింగ్ కొడుతోందని ఫోనొస్తే వెళ్లాను. అర్ధరాత్రి, యాభై మంది పాసింజర్లు, పిల్లలు ఏడుస్తున్నారు. ఒక సిలిండరుకి డీజిల్ పైపు విప్పి, కారే డీజిల్ డబ్బాలోకి పోయేటట్టు కట్టి, ఐదింటి మీదే డిపోకి తెచ్చాం. బండి మొత్తం వణుకుతుంది, స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి, చెవి మాత్రం ఇంజను మీదే ఉంటుంది. మాకు గంటకి 30 దాటలేదు. బార్త్‌ని టీవీలో చూసిన ప్రతిసారీ నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

కొత్తగా_వచ్చా:
బాబాయ్ గారూ, ఇది విడిగా ఒక పోస్టుగా రాయండి, ప్లీజ్.

సెన్నా_భక్తుడు:
అందరూ తెగ పొగుడుతున్నారు. 1984 మొనాకో ఎవరూ ఎత్తరేం? కుండపోత వాన, సెన్నా డొక్కు టోల్‌మన్ కార్లో ప్రోస్ట్‌ని ల్యాపుకి కొన్ని సెకన్ల చొప్పున అందుకుంటుంటే, రేస్ డైరెక్టర్‌గా ఉన్న మీ ఇక్స్ ఎర్రజెండా చూపించేశాడు. ప్రోస్ట్ మెక్‌లారెన్‌లో ఇంజను తయారుచేసింది ఎవరు? పోర్షె. ఇక్స్ జీతం తీసుకునేది ఎవరి దగ్గర? పోర్షె. ఇక నేను చెప్పేదేం లేదు.

వానాకాలం:
వస్తావని తెలుసు :)
స్టీవార్డులని, అంటే రేసు నిర్ణేతల్ని, అడక్కుండా ఆపాడు, అది తప్పు, దానికి ఫైన్ వేసి పక్కన కూడా పెట్టారు. కానీ కుట్ర అంటే లెక్క కుదరదు. రేసు సగంలో ఆగింది కాబట్టి ప్రోస్ట్‌కి సగం పాయింట్లే, నాలుగున్నర. పూర్తిగా జరిగి సెన్నా గెలిచి, ప్రోస్ట్ రెండో స్థానంలో వచ్చినా ఆరు వచ్చేవి. ఆ ఏడు ప్రోస్ట్ ఛాంపియన్‌షిప్ పోగొట్టుకుంది తన టీమ్‌లోనే ఉన్న లౌడాకి అర పాయింటు తేడాతో! ఇక్స్ సాయం చేశాడనుకుంటే, ఇలాంటి సాయం పగవాడికి కూడా వద్దు.

ఇంకో మాట. ఆ వానలో సెన్నా వెనక మూడో స్థానంలో ఇద్దరినీ అందుకుంటూ వస్తున్నది ఎవరు? స్టెఫాన్ బెలోఫ్, టర్బో (ఇంజనుకి బలం పెంచే పరికరం) లేని టిరెల్ కార్లో. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

సెన్నా_భక్తుడు:
అర పాయింటు సంగతి తెలుసు, కానీ ఆ రోజు మధ్యాహ్నం ఇక్స్‌కి తెలీదు కదా, ఛాంపియన్‌షిప్ ఎలా ముగుస్తుందో. నా అనుమానం నాది. బెలోఫ్ గురించి మాత్రం ఒప్పుకుంటా. అతను బతికి ఉంటే...

హాఫ్_క్లచ్:
బెలోఫ్ ఎలా పోయాడు?

వానాకాలం:
1985 సెప్టెంబర్ 1, స్పా 1000 కి.మీ. రేసు. ముందు ఇక్స్, పోర్షె కంపెనీ సొంత టీమ్ కార్లో, సొంత దేశం, సొంత ట్రాకు, 40 ఏళ్ల మనిషి. వెనక బెలోఫ్, ప్రైవేటు టీమ్ పోర్షె 956లో, 27 ఏళ్లు, 1983లో నూర్‌బర్గ్‌రింగ్‌లో 6 నిమిషాల 11 సెకన్లలో ల్యాపు తిరిగినవాడు. ఓ రూజ్ అని కింద ఎడమకి తిరిగి వెంటనే కొండెక్కే మలుపు ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన పట్టే చోటు కాదు. బెలోఫ్ లోపలి వైపు నుంచి దూరాడు. రెండు కార్లూ తగులుకున్నాయి. బెలోఫ్ కారు ఎదురుగా గోడకి కొట్టుకుంది. ఇక్స్ తన కార్లోంచి దిగి అతని దగ్గరికి పరిగెత్తాడు. ప్రాణం దక్కలేదు.

తప్పు ఎవరిదని నలభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు, ఇక్కడ మళ్లీ మొదలెట్టకండి దయచేసి. ఆ సీజన్ చివర ఇక్స్ సర్క్యూట్ రేసులు మానేశాడు.

స్టెప్నీ:
అందులో నడిచినవాడు ఇందులో పరిగెత్తాడు. ఇది నాకు ఇవాళే తెలిసింది.

హాఫ్_క్లచ్:
మూడ్ మార్చుదాం కాస్త. ఎడారి రేసుల్లో కూడా ఇతను సామాన్యుడు కాదు. 1983లో పారిస్-డాకర్ గెలిచాడు, మెర్సిడెస్ జీప్ మీద, పక్కన నావిగేటర్ ఫ్రెంచ్ సినిమా నటుడు క్లోద్ బ్రాసర్! మన దగ్గర ఊహించండి.
1989 ఇంకా విచిత్రం. ఇక్స్, ఆరి వాటనెన్ ఇద్దరూ పెజో టీమే, ఇద్దరూ ముందున్నారు, ఒకణ్ణొకడు దాటుకుంటూ ఎక్కడ బండ్లు పగలగొట్టుకుంటారో అని టీమ్ మేనేజర్ జాన్ టోట్ నాణెం ఎగరేసి తేల్చేశాడు, వాటనెన్ గెలవాలని పడింది. ఇక్స్ రెండో స్థానంలో వచ్చాడు. నేనైతే ఆ నాణెం మింగేసేవాణ్ణి.

కొత్తగా_వచ్చా:
మొత్తం లె మాన్స్‌లు ఎన్ని గెలిచాడు ఫైనల్‌గా? మనవాళ్లు ఎవరైనా ఆడారా అక్కడ?

స్టెప్నీ:
ఆరు. బాబాయ్ చెప్పిన నాలుగు కాక 1981, 1982, రెండూ డెరెక్ బెల్‌తో. 1981ది అయితే పక్కన పడేసిన 936కి కొత్త ఇంజను పెట్టి తెచ్చారు, రిటైరైన మనిషిని పిలిచారు, రెండో స్థానంలో వచ్చిన కారుకీ వీళ్లకీ 14 ల్యాపుల తేడా. ఆ ఆరు గెలుపుల రికార్డుని డెన్మార్క్ డ్రైవర్ టామ్ క్రిస్టెన్సెన్ 2005లో దాటాడు, అతనివి మొత్తం తొమ్మిది. రిటైరయ్యాక కూడా 1991లో మాజ్డా గెలిచినప్పుడు టీమ్‌కి సలహాదారు ఇక్సే.

మనవాళ్లలో చెన్నై కరుణ్ చంధోక్ 2012లో అక్కడ నడిపి ఆరో స్థానంలో వచ్చాడు. తెలుగువాళ్లకి లె మాన్స్ అత్యంత దగ్గరగా వచ్చింది అంటే నా లెక్కలో 2023 ఫిబ్రవరి, హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ, అదే కరెంటు కార్ల రేసు. అందులో నడిపిన సెబాస్టియన్ బుయెమీ నాలుగు లె మాన్స్‌లు గెలిచినవాడు. నా పక్కన జనం సెల్ఫీల గోలలో ఉన్నారు, ఎవరూ అతన్ని గుర్తుపట్టలేదు, నేనొక్కణ్ణే అరిచాను. అతనికి వినపడి ఉండదు.

పారిస్_పద్మ:
ఇక్స్ కూతురు వనీనా కూడా రేసర్ అండీ, లె మాన్స్‌లో చాలాసార్లు నడిపింది. తండ్రికూతుళ్లు కలిసి డాకర్‌లో కూడా వెళ్లారు.

స్టెప్నీ:
అసలు చెప్పాల్సింది మర్చిపోయా. 1969 రేసు అయిపోయిన మర్నాడు, సోమవారం పొద్దున, ఇక్స్ తన పోర్షె 911లో పారిస్ వైపు వెళ్తున్నాడు. షార్త్ర్ దగ్గర ఎవరో కారు అడ్డంగా తెచ్చారు. ఇతని కారు స్తంభానికి కొట్టుకుని నలిగిపోయింది. మనిషి బెల్టు విప్పుకుని దిగొచ్చాడు, గీత కూడా పడలేదు.

హాఫ్_క్లచ్:
సిగ్గుతో చెప్తున్నా, నా బండికి కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు వెనక బెల్టుల బకిల్సు లోపలే ఉండిపోయాయి. రెండేళ్లయింది. రేపు తీయిస్తా.

డీజిల్_బాబాయ్:
తీసేటప్పుడు బెల్టు మొత్తం బయటికి లాగి చూడు తమ్ముడూ. రెండేళ్లంటే ఎలకలు కొరికేసి ఉంటాయి.